ప్రొమీథియస్, లోకీ, టెంపో, గ్రఫానా: బస్ టికెట్ల సర్వర్ల మీద వాడి చూసిన సమీక్ష

క్లౌడ్‌లో నడిచే అప్లికేషన్లను కనిపెట్టి ఉండడానికి ఓపెన్‌సోర్స్‌లో పనిముట్లు చాలానే దొరుకుతాయి. వాటిలో ఒక కూర్పును ఈ సమీక్షకు తీసుకుంటున్నాను. ఇందులో సర్వర్ల పనితీరును కొలిచే అంకెలకు ప్రొమీథియస్, సర్వర్లు తాము చేసిన పనుల గురించి రాసుకునే వాక్యాలైన లాగ్‌లకు లోకీ, ఒక రిక్వెస్ట్ ఎక్కడెక్కడ ఎంతసేపు గడిపిందో చూపే ట్రేస్‌లకు టెంపో, వీటన్నిటినీ ఒకే తెర మీద చూడడానికి గ్రఫానా ఉన్నాయి. అప్లికేషన్ల నుంచి సమాచారాన్ని తీసుకుని వీటికి చేరవేసే పని ఓపెన్‌టెలిమెట్రీది. బెంగళూరులో మేము పనిచేసే సంస్థ ప్రైవేటు బస్ ఆపరేటర్లకు టికెట్ల బుకింగ్ సాఫ్ట్‌వేర్ అందిస్తుంది. మడివాళ, మారతహళ్ళి, కె.ఆర్. పురం నుంచి రాత్రి పూట కడపకు, నంద్యాలకు, నెల్లూరుకు, విజయవాడకు బయలుదేరే బస్సుల్లో కొన్నిటి సీట్లు మా సర్వర్ల మీదుగానే అమ్ముడవుతాయి. మామూలు రోజుల్లో ఈ సర్వర్లకు పెద్ద పని ఉండదు. సంక్రాంతి ముందు మాత్రం ఊరికి వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళంతా దాదాపు ఒకే సమయంలో ఫోన్లు చేతికి తీసుకుంటారు కాబట్టి, ఏ పర్యవేక్షణ వ్యవస్థ సత్తా అయినా మాకు తెలిసేది అప్పుడే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కూర్పులోని అసలు విలువ ఒక పనిముట్టు నుంచి మరొక దానిలోకి దాటే దారిలో ఉంది. గ్రాఫ్ మీది ఒక చుక్కను నొక్కితే ఒకానొక ప్రయాణికుడి రిక్వెస్ట్ తెరుచుకోవాలి, ఆ రిక్వెస్ట్ నుంచి ఆ క్షణంలో సర్వర్ రాసిన లాగ్ వాక్యం కనపడాలి. ఆ దారి సరిగ్గా వేసుకున్న జట్టుకు ఇది ఖరీదైన సేవలతో సమానంగా ఉపయోగపడుతుంది. ఆ దారి వేయకుండా ఐదింటినీ ఇన్‌స్టాల్ చేసుకుని వదిలేస్తే, చూడడానికి అందంగా ఉండి ఆపదలో అక్కరకు రాని డ్యాష్‌బోర్డులు మిగులుతాయి. అంకెలకు తగిలించే లేబుళ్ళ (ఏ సర్వర్, ఏ పేజీ వంటి గుర్తుల) విషయంలో నిక్కచ్చిగా ఉండే మనిషి జట్టులో ఒకరైనా ఉంటేనే దీన్ని తీసుకోమని నేను చెప్పగలను.

వీటి పుట్టుక గురించి కొంచెం తెలిస్తే వీటి స్వభావం బాగా అర్థమవుతుంది. ప్రొమీథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైంది. గూగుల్ లోపల వాడుకలో ఉన్న బోర్గ్‌మాన్ అనే వ్యవస్థ దానికి ప్రేరణ. 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో క్లౌడ్‌లో అప్లికేషన్లను నడిపే కుబర్నెటిస్ తరువాత రెండో ప్రాజెక్టుగా చేరింది. అప్లికేషన్లు తమ అంకెలను తామే తెచ్చి ఇవ్వాలని అది ఎదురుచూడదు. నిర్ణీత వ్యవధిలో తానే వెళ్ళి ఒక్కొక్క సర్వర్ దగ్గర అంకెలు తీసుకుంటుంది. దీనివల్ల ఒక సర్వర్ మూగబోయిందన్న సంగతి కూడా ఒక సమాచారంగానే నమోదవుతుంది. లోకీని 2018 డిసెంబరులో గ్రఫానా ల్యాబ్స్ వెలువరించింది. టెంపో 2020లో వచ్చింది. ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే రెండు ప్రాజెక్టులు 2019లో కలిసిపోయి ఓపెన్‌టెలిమెట్రీ అయింది. లైసెన్సు సంగతి కూడా చూసుకోవాలి. గ్రఫానా, లోకీ, టెంపోలు 2021 నుంచి, మార్చిన కోడ్‌ను సేవ వాడేవారికి కూడా ఇవ్వాలనే ఏజీపీఎల్ లైసెన్సులో ఉన్నాయి కాబట్టి, వాటి కోడ్‌ను మార్చి తమ సేవగా ఇతరులకు అందించదలచిన సంస్థలు న్యాయ సలహా తీసుకోవడం మంచిది. ఉన్నది ఉన్నట్టుగా లోపల వాడుకునే మాలాంటి వారికి దానితో ఇబ్బంది లేదు.

ఇవి నిజంగా ఏ విధంగా పనికి వస్తాయో చెప్పడానికి ఒక సాయంత్రం జరిగినది వివరిస్తాను. భోగికి ముందు, రద్దీ పుంజుకుంటున్న వేళ, నంద్యాలలోని ఒక కౌంటర్ నుంచి ఫోన్ వచ్చింది: "సార్, సీటు నొక్కితే తిరుగుతానే ఉంది, లాక్ కావడం ల్యా." సర్వర్ల సీపీయూ, మెమరీ గ్రాఫ్‌లు ప్రశాంతంగా ఉన్నాయి. డేటాబేస్ కూడా నింపాదిగానే ఉంది. ఆ రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్న నెల్లూరు కుర్రాడు నాకు ఫోన్ చేసి, "అన్నా, సగటు చూస్తే ఏం లేదు, పీ99 మాత్రం ఎగిరి కూర్చుంది" అన్నాడు. పీ99 అంటే వందలో తొంభై తొమ్మిది రిక్వెస్టులు ఎంత వ్యవధిలోపల ముగిశాయో చెప్పే అంకె. వంద రిక్వెస్టుల్లో తొంభై ఎనిమిది 80 మిల్లీసెకన్లలో, మిగిలిన రెండు ఆరు సెకన్లలో ముగిసినా, సగటు 200 మిల్లీసెకన్లు కూడా దాటదు. ఆ ఇద్దరు ప్రయాణికుల అవస్థ సగటులో కలిసిపోతుంది. అందుకే సగటును పెద్ద అక్షరాలతో చూపే డ్యాష్‌బోర్డులను మేము తీసేశాము.

అతను పీ99 గ్రాఫ్ మీద ఎత్తుగా కనపడుతున్న ఒక ఎగ్జెంప్లార్ చుక్కను నొక్కాడు. ఎగ్జెంప్లార్ అంటే, ఆ అంకెకు కారణమైన రిక్వెస్టుల్లో ఒకదాని ట్రేస్ నంబరును ప్రొమీథియస్ ఆ అంకె పక్కనే దాచి ఉంచడం. టెంపోలో ఆ ట్రేస్ తెరుచుకుంది. మొత్తం వ్యవధి 6.4 సెకన్లు. అందులో బుకింగ్ సర్వీస్‌లోని సీట్ లాక్ స్పాన్ (ట్రేస్‌లో ఒక్కొక్క పనిని చూపే ముక్క) ఒక్కటే ఆరు సెకన్లకు పైగా సాగింది. దాని చివరన డేటాబేస్ క్వెరీ స్పాన్ ఉంది, అది 9 మిల్లీసెకన్లు మాత్రమే. సీట్ లాక్ మొదలైన చోటుకూ క్వెరీ మొదలైన చోటుకూ మధ్య తెర మీద ఏమీ లేదు, పొడవైన ఖాళీ తప్ప. ట్రేస్‌లు చదవడం అలవాటైన వాళ్ళు ముందుగా చూసేది ఆ ఖాళీనే. క్వెరీ ఆలస్యం కాలేదు, క్వెరీ పంపడానికి కావలసిన డేటాబేస్ కనెక్షన్ దొరకడం ఆలస్యమైంది. కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచి అందరూ పంచుకునే కనెక్షన్ల గుంపు) అంకెలను ప్రొమీథియస్‌లో చూస్తే, ఉన్న కనెక్షన్లన్నీ వాడుకలో ఉన్నాయి, వరుసలో నిలబడ్డ రిక్వెస్టుల సంఖ్య నిమిష నిమిషానికీ పెరుగుతోంది.

మరి కనెక్షన్లను పట్టుకుని కూర్చున్నదెవరు? అదే నిమిషాల్లో అదే సర్వీస్‌లో ఎక్కువసేపు నడిచిన ట్రేస్‌లను టెంపోలో వెతికితే, చెల్లింపు ధ్రువీకరణ రిక్వెస్టులు బయటపడ్డాయి. అవి డేటాబేస్ ట్రాన్సాక్షన్ తెరిచి, దాన్ని మూయకుండానే, బయటి చెల్లింపుల సంస్థకు ఫోన్ చేసినట్టుగా ఒక హెచ్‌టీటీపీ కాల్ పంపి జవాబు కోసం ఆగుతున్నాయి. ఆ సాయంత్రం ఆ సంస్థ జవాబుకు ఎనిమిది సెకన్లు తీసుకుంటోంది. ట్రేస్ నుంచి లోకీలోకి వెళితే, ఆ రిక్వెస్ట్ రాసిన లాగ్ వాక్యాల్లో మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్న సంగతి వరుసగా ఉంది. జబ్బు చెల్లింపుల దగ్గర ఉంటే నొప్పి సీట్ల దగ్గర బయటపడింది. అప్పటికప్పుడు చెల్లింపు కాల్‌కు టైమ్‌అవుట్ తగ్గించి, ఆ పనికి వేరే పూల్ కేటాయించడంతో కౌంటర్లు తేరుకున్నాయి. తరువాత ఆ కాల్‌ను ట్రాన్సాక్షన్ బయటికి మార్చారు. ఫోన్ వచ్చిన దగ్గర నుంచి కారణం దొరికే దాకా పట్టిన సమయం ఒక టీ తాగేంత కూడా లేదు. విడివిడి పనిముట్లతో ఇదే వెతుకులాట చేసి ఉంటే, అందరి చూపూ డేటాబేస్ మీదే ఉండేది.

ఈ సౌకర్యం అడగగానే రాదని కూడా చెప్పాలి. ఎగ్జెంప్లార్లను దాచే ఏర్పాటు ప్రొమీథియస్‌లో మామూలుగా ఆపివేసి ఉంటుంది. ఒక ఫీచర్ ఫ్లాగ్ ఇచ్చి దాన్ని తెరవాలి. అప్లికేషన్ తన అంకెలను ఓపెన్‌మెట్రిక్స్ రూపంలో ఇవ్వాలి. గ్రఫానాలో ప్రొమీథియస్ డేటాసోర్స్‌ను టెంపోకు, టెంపోను లోకీకి ముడివేయాలి. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు శాంప్లింగ్, అంటే ఏ ట్రేస్‌లను ఉంచాలో ఎంచుకోవడం. ప్రతి రిక్వెస్ట్ ట్రేస్‌నూ దాచుకోవడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, సమాచారాన్ని అందుకుని ముందుకు పంపే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌లో టెయిల్ శాంప్లింగ్ పెట్టుకున్నాము: తప్పులు వచ్చినవన్నీ, రెండు సెకన్లు దాటినవన్నీ ఉంచి, మిగిలిన వాటిలో కొద్ది భాగం మాత్రమే దాచుతాము. ఈ నిర్ణయం ట్రేస్ ముగిశాక జరుగుతుంది కాబట్టి ఒక ట్రేస్‌కు చెందిన స్పాన్‌లన్నీ ఒకే కలెక్టర్‌కు చేరాలి. అందుకోసం ముందు వరుసలో ట్రేస్ నంబరును బట్టి పంచిపెట్టే మరో కలెక్టర్ల పొర కావాలి. వేగంగా ముగిసిన రిక్వెస్ట్ చుక్కను నొక్కినప్పుడు, ఆ ట్రేస్ శాంప్లింగ్‌లో పోయి ఉండి, టెంపో "దొరకలేదు" అని చెప్పే సందర్భాలు ఉంటాయి. కొత్తగా చేరిన వాళ్ళకు ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే వాళ్ళకు వ్యవస్థ మీద నమ్మకం పోతుంది.

ప్రొమీథియస్ గురించి చెప్పవలసింది చాలా ఉంది, ఎందుకంటే ఈ కూర్పులో అన్నిటికన్నా పరిణతి చెందినదీ, అన్నిటికన్నా సులభంగా కుప్పకూల్చుకోగలిగినదీ అదే. లేబుళ్ళ ప్రతి కొత్త కలయికా దానికి ఒక కొత్త టైమ్ సిరీస్, అంటే కాలంతో పాటు విడిగా దాచవలసిన అంకెల వరుస. గో క్లయింట్ లైబ్రరీలో వ్యవధులను పరిమాణం వారీగా లెక్కపెట్టే డిఫాల్ట్ హిస్టోగ్రామ్‌కు పదకొండు బకెట్లు (వ్యవధి హద్దులు), అనంతానికి ఒకటి, మొత్తానికి ఒకటి, లెక్కకు ఒకటి, వెరసి పద్నాలుగు సిరీస్‌లు అవుతాయి. నలభై ఎండ్‌పాయింట్లు, ఐదు స్టేటస్ కోడ్‌లు, ముప్పై పాడ్‌లు (నడుస్తున్న అప్లికేషన్ ప్రతులు) ఉన్నాయనుకుంటే ఆ ఒక్క హిస్టోగ్రామ్‌కే 84,000 సిరీస్‌లు. ఒక మధ్య స్థాయి సర్వర్ వీటిని తేలిగ్గా మోస్తుంది. దీనికి ఎవరో ముచ్చటపడి బస్ రూట్‌ను లేబుల్‌గా చేర్చారనుకుందాం. రూట్లు ఐదు వందలు ఉంటే, లెక్క 4.2 కోట్లకు చేరుతుంది. పీఎన్ఆర్‌నో ప్రయాణికుడి ఫోన్ నంబరునో లేబుల్ చేస్తే ఇక అంతం ఉండదు. ప్రొమీథియస్ తాజా సిరీస్‌లను మెమరీలో ఉంచుకుంటుంది కనుక, రద్దీ రోజున అది మెమరీ చాలక ఆగిపోతే, కళ్ళు కావలసిన సమయానికే కళ్ళు పోతాయి. కొత్త మెట్రిక్ చేర్చే ప్రతి కోడ్ మార్పునూ లేబుళ్ళ దృష్టితో ఒకరు చదివి తీరాలని మేము నియమం పెట్టుకున్నది అందుకే. రూట్, ఆపరేటర్, పీఎన్ఆర్ వంటివి ట్రేస్‌లోనూ లాగ్‌లోనూ ఉండవలసిన సమాచారం.

బకెట్ల విషయంలో మరొక సూక్ష్మం ఉంది. ఆ డిఫాల్ట్ బకెట్లలో అన్నిటికన్నా పెద్దది 10 సెకన్లు. పీ99 నిజంగా ఇరవై సెకన్లకు వెళ్ళినా, హిస్టోగ్రామ్ క్వాంటైల్ లెక్క 10 దగ్గరే ఆగి, గ్రాఫ్ చదునైన గీతగా కనపడుతుంది. ఆ గీతను చూసి "పది సెకన్ల దగ్గర నిలకడగా ఉంది" అనుకుంటే మోసపోయినట్టే. కిందా అంతే: 2.5 సెకన్లకూ 5 సెకన్లకూ మధ్య బకెట్ గీత లేదు కాబట్టి, ఆ మధ్యలో చూపే విలువ సరళరేఖ మీద వేసిన అంచనా మాత్రమే. సీటు ఎంచుకోవడానికి ఒక రకం, చెల్లింపుకు ఇంకో రకం, రిపోర్టులకు మరో రకం బకెట్లు నిర్ణయించుకోవడం ఎంతో మేలు. బకెట్ల అవసరాన్ని తగ్గించే నేటివ్ హిస్టోగ్రామ్‌లు 2022లో ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. ఈ చిక్కుకు అసలైన పరిష్కారం అవేనని నా నమ్మకం.

అలాగే ప్రొమీథియస్ అంకెలతో డబ్బు లెక్కలు చూడకూడదు. నూటికి నూరు పాళ్ళు ఖచ్చితత్వం కావలసిన బిల్లింగ్ వంటి పనులకు అది తగినది కాదని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. గంటలో ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయని అడిగితే అది వ్యవధి అంచులను అంచనా వేసి 412.7 వంటి జవాబు ఇస్తుంది. ధోరణి తెలుసుకోవడానికి అది చాలు. ఆపరేటర్లకు ఇవ్వవలసిన లెక్క డేటాబేస్ నుంచే రావాలి. అంకెలు డిఫాల్ట్‌గా పదిహేను రోజులే నిల్వ ఉంటాయన్నది పండగ వ్యాపారాలకు మరో ముఖ్య విషయం. ఈ సంక్రాంతి రద్దీని నిరుటి సంక్రాంతితో పోల్చి సర్వర్లు సిద్ధం చేసుకోవాలంటే, ఎక్కువకాలం నిల్వకు పనికొచ్చే తానోస్ గానీ మిమిర్ గానీ జోడించి, అంకెలను ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (క్లౌడ్‌లోని ఫైళ్ళ నిల్వలో) ఏడాదికి పైగా దాచుకోవాలి. ఈ పోలిక మాకు ఎంత ఉపయోగపడిందో మాటల్లో చెప్పలేను. ఏ రోజు ఏ గంటకు ఎన్ని పాడ్‌లు కావాలో ఇప్పుడు ఊహించవలసిన పని లేదు.

లోకీ దగ్గరికి వస్తే, అది లాగ్ వాక్యాల్లోని ప్రతి పదానికీ ఇండెక్స్ తయారుచేయదు. అటక మీది పెట్టెల మీద పేర్లు మాత్రమే రాసి పెట్టుకున్నట్టు, సర్వీస్ పేరు, ఎన్విరాన్‌మెంట్ వంటి కొద్ది లేబుళ్ళకే ఇండెక్స్ ఉంచి, లాగ్‌లను కుదించి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెడుతుంది. ఏ సర్వీస్‌లో, ఏ పావుగంటలో వెతకాలో తెలిస్తే అది చాలా వేగం. ట్రేస్ నుంచి వచ్చేవాళ్ళకు ఆ రెండూ ముందే తెలిసి ఉంటాయి కాబట్టి ఈ కూర్పులో అది చక్కగా ఇమిడిపోతుంది. పీఎన్ఆర్ ఒక్కటే చేతిలో పెట్టి, గత నెలలో ఇది ఎక్కడెక్కడ కనపడిందో చెప్పమంటే మాత్రం అది ప్రతి పెట్టెనూ తెరిచి చూడాలి. కస్టమర్ సపోర్ట్ జట్టు అడిగేది సరిగ్గా అదే. వాళ్ళ కోసం బుకింగ్ చరిత్రను డేటాబేస్‌లో వేరే పట్టికగా పెట్టి, లోకీని ఇంజనీర్లకు పరిమితం చేశాము. పదాల వెతుకులాటే ప్రధానమైన సంస్థలకు ఎలాస్టిక్‌సెర్చ్ వంటిదే నయం, దాని నిల్వ ఖర్చు ఎక్కువైనా సరే.

లాగ్‌ల నిల్వ గురించి మన దేశంలో చట్టపరమైన కోణం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు మన దేశ పరిధిలో భద్రపరచాలి, నిర్దేశించిన రకం సైబర్ సంఘటనలను గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, సర్వర్ల గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో గానీ, వాటితో ముడిపడిన సర్వర్లతో గానీ సరిచూసుకోవాలి. లోకీలో ఆరు నెలల నిల్వ పెట్టుకోవడం ఒక సెట్టింగ్‌తో అయిపోతుంది. మా స్టోరేజ్ అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లో (డేటా కేంద్రాల సముదాయంలో) ఉంది, హైదరాబాద్‌లో 2022 నవంబరులో మరో రీజియన్ రావడంతో రెండో ప్రతికి కూడా దేశం దాటవలసిన అవసరం లేకపోయింది. గడియారాల నియమం ట్రేస్‌లకు కూడా వరమే. రెండు సర్వర్ల గడియారాలు కాస్త తేడాగా ఉంటే, పిల్ల స్పాన్ తల్లి స్పాన్ కన్నా ముందు మొదలైనట్టు కనపడి చదివేవారిని తికమక పెడుతుంది.

ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిన తరువాత, డీబగ్ కోసం మొత్తం రిక్వెస్ట్‌ను లాగ్‌లోకి కుమ్మరించే పాత అలవాటును మానుకోక తప్పదు. ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్ మధ్యలో నిలబడి, స్పాన్‌లలోనూ లాగ్‌లలోనూ ఫలానా గుణాలను తొలగించమంటే తొలగిస్తుంది, గుర్తుపట్టకుండా మార్చమంటే మారుస్తుంది. ఇన్ని సర్వీసుల్లో విడివిడిగా కోడ్ మార్చకుండా ఒకే చోట ఈ పని చేయగలగడం కలెక్టర్ చేసే సేవల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది.

అలర్ట్‌ల సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే నిద్రలో లేచేది మనుషులు. సీపీయూ 80 శాతం దాటితే ఫోన్ మోగే పద్ధతిని మేము పూర్తిగా వదిలేశాము. బుకింగ్‌లలో 99.9 శాతం సఫలం కావాలని లక్ష్యం పెట్టుకుంటే, ముప్పై రోజుల్లో దాదాపు 43 నిమిషాల పూర్తి వైఫల్యానికి సమానమైన తప్పులను మాత్రమే భరించగలం. ఆ మోతాదు ఎంత వేగంగా కరిగిపోతోందో చూసి అలర్ట్ ఇవ్వడం గూగుల్‌లో సేవల నిలకడను చూసుకునే ఎస్ఆర్ఈ ఇంజనీర్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మోతాదు సరిగ్గా నెలకు సరిపోయే వేగం కన్నా 14.4 రెట్ల వేగంతో ఒక గంట పాటు తప్పులు వస్తే నెల మోతాదులో 2 శాతం పోతుంది. అప్పుడు ఫోన్ మోగాలి. నెమ్మదిగా కరిగేవి మరునాడు ఉదయం చూసుకునే టికెట్ కావాలి. తెల్లవారుజామున మూడు గంటలకు బుకింగ్‌లు పది కూడా ఉండవు కనుక ఒక్క కార్డు తిరస్కరణకే శాతం పైకి లేస్తుంది. అందువల్ల కనీస సంఖ్యలో రిక్వెస్టులు ఉండాలన్న షరతు కూడా నియమంలో చేర్చాలి. ప్రొమీథియస్ అలర్ట్‌లను చేరవేసే అలర్ట్‌మేనేజర్ ఒకే కారణంతో వచ్చే యాభై అలర్ట్‌లను ఒక్కటిగా కట్టి పంపుతుంది, పెద్దది మోగుతున్నప్పుడు చిన్నవాటిని ఆపుతుంది. ఈ పద్ధతికి మారాక మా జట్టులో ఆన్‌కాల్ వారం వస్తోందంటే మొహం మాడ్చుకునేవాళ్ళు లేరు. నన్నడిగితే ఈ కూర్పు చేసిన అతి పెద్ద మేలు అదే.

కాపలా కాసే వ్యవస్థకూ కాపలా కావాలి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవ వర్జీనియాలో ఆగిపోయినప్పుడు, సేవల పరిస్థితి చూపే వాళ్ళ స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడం వల్ల కొంతసేపు దాన్ని మార్చలేకపోయారు. ప్రొమీథియస్‌ను అప్లికేషన్లున్న క్లస్టర్‌లోనే (సర్వర్ల గుంపులోనే) పెట్టేవాళ్ళకూ అదే ముప్పు ఉంది. ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్ట్‌ను బయటి సేవకు పంపుతూ, అది ఆగిపోతే ఆ సేవ మనకు ఫోన్ చేసేలా పెట్టుకోవడం తప్పనిసరి. దానితో పాటు, బుకింగ్ పేజీని బయటి నుంచి నిమిషానికొకసారి తెరిచి చూసే ఒక చిన్న పరీక్ష వేరే రీజియన్‌లో ఉండాలి.

ఓపెన్‌టెలిమెట్రీ విషయంలో నాది కృతజ్ఞతతో కూడిన అసంతృప్తి. జావా సర్వీసులకు ఏజెంట్‌ను తగిలిస్తే కోడ్ ముట్టుకోకుండానే ట్రేస్‌లు వస్తాయి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ ప్రమాణం ప్రకారం 32 అక్షరాల ట్రేస్ నంబరు హెచ్‌టీటీపీ హెడర్‌లో ఒక సర్వీస్ నుంచి మరొక దానికి, జావా నుంచి గోకు, గో నుంచి పైథాన్‌కు చెక్కుచెదరకుండా ప్రయాణిస్తుంది. సొంతంగా రాసుకున్న క్యూలు, బ్యాచ్ పనులు, థ్రెడ్ పూల్‌లు వచ్చే చోట ఆ గొలుసు తెగుతుంది. వాటిని చేత్తో కలపాలి. గుణాల పేర్లు కూడా స్థిరపడడానికి చాలా కాలం పట్టింది. హెచ్‌టీటీపీకి సంబంధించిన పేర్లు 2023 నవంబరులో స్థిరమయ్యాయి, ఆ క్రమంలో స్టేటస్ కోడ్ వంటి అతి సాధారణ గుణం పేరు కూడా మారింది. లైబ్రరీని అప్‌గ్రేడ్ చేసే ముందు ఏ డ్యాష్‌బోర్డులు, ఏ అలర్ట్‌లు పాత పేరు మీద ఆధారపడ్డాయో వెతికి చూసుకోవాలి, ఎందుకంటే పేరు మారిన అలర్ట్ చప్పుడు చేయకుండా పనిచేయడం మానేస్తుంది. ఇంత ఉన్నా, ఏ జట్టయినా ముందుగా స్వీకరించవలసింది దీన్నే. రేపు నిల్వ చేసే వ్యవస్థను మార్చదలిస్తే అప్లికేషన్ కోడ్ మార్చనక్కర లేదు, కలెక్టర్‌లో గమ్యం మారిస్తే చాలు.

గ్రఫానా తెరల గురించి ఒక్క మాట సరిపోతుంది. బొమ్మలు గీయడంలో దానికి సాటి లేదు, అందుకే డ్యాష్‌బోర్డులు మితిమీరి పెరుగుతాయి. సర్వీస్‌కు ఒకటి చొప్పున, అందులో రిక్వెస్టుల రేటు, తప్పుల శాతం, వ్యవధి పైన, మిగిలినవన్నీ కింద ఉంటే రాత్రి పూట కళ్ళు వెతుక్కోవు. సమయ మండలాన్ని మాత్రం అందరికీ భారత కాలమానానికి స్థిరపరచాలి. ప్రొమీథియస్ లెక్కలు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) జరుగుతాయి కాబట్టి, రోజువారీ మొత్తాలు మనకు ఉదయం ఐదున్నరకు విరుగుతాయి, అర్ధరాత్రి తెరిచే పండగ బుకింగ్‌లు ముందు రోజు లెక్కలో పడతాయి.

ఖర్చు విషయానికి వస్తే, సాఫ్ట్‌వేర్‌కు చెల్లించేది ఏమీ లేకపోయినా సర్వర్లకు, స్టోరేజ్‌కు, అన్నిటికన్నా మిన్నగా మనిషి సమయానికి చెల్లిస్తాము. దీన్ని నడపడం ఒక ఇంజనీరు పనిలో గణనీయమైన భాగాన్ని తీసుకుంటుంది. నలుగురైదుగురు ఇంజనీర్లున్న సంస్థ అయితే, అమెజాన్ క్లౌడ్‌వాచ్‌తో గానీ, చెన్నైలోని జోహో అందించే సైట్24x7 వంటి సిద్ధంగా ఉన్న సేవతో గానీ మొదలుపెట్టి, అప్లికేషన్లలో మాత్రం ఓపెన్‌టెలిమెట్రీనే వాడమని చెబుతాను. సర్వీసులు పదిహేను ఇరవై దాటి, సేవల బిల్లు ఒక ఇంజనీరు జీతంతో పోటీ పడుతున్న సంస్థలు ఈ కూర్పుకు మారితే గిట్టుబాటవుతుంది. మారేటప్పుడు ప్రొమీథియస్, గ్రఫానాలతో ప్రారంభించి, తరువాత టెంపోను చేర్చి, లాగ్‌లను చివరికి తరలించాలి. మార్పు మొత్తం దసరా తరువాత మొదలై డిసెంబరు మొదటి వారానికి ముగిసేలా చూసుకుంటే, పండగ రద్దీకి ముందు అలర్ట్‌ల హద్దులను నిజమైన ట్రాఫిక్ మీద సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.